పురిటికి వచ్చినవాళ్ళ లెక్క

జనాన్ని లెక్కపెట్టడం నా ఉద్యోగం కాదు. ఆ పని చేసేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు ఎండలో తిరుగుతారు, మెట్లెక్కి దిగుతారు, తలుపు సందులోంచి "మళ్ళీ వచ్చారా" అనిపించుకుంటారు. వాళ్ళు తెచ్చిన అంకెలకి అర్థం చెప్పడం నా ఉద్యోగం. ఫ్యాను కింద కూర్చుని చేసే పని కాబట్టి దీన్ని తెలివైన పని అంటారు. ప్రభుత్వంలో ఇలాంటి లెక్కల ఆఫీసు ఒకటి ఉందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళలో సగం మంది మాది ఖజానా అనుకుని కొంచెం గౌరవంగా చూస్తారు. మా దగ్గరున్నవి మనుషుల లెక్కలని తెలిశాక ఆ గౌరవం పోతుంది.

అందులో నా భాగం జనాభా పెరుగుదల, వలస. వలస అనగానే అందరికీ రైల్వే స్టేషన్లో మూటలతో దిగే మగవాళ్ళు గుర్తొస్తారు. పట్టిక తెరిస్తే కనిపించేది వేరు. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు. వాళ్ళలో ఎక్కువమంది పక్కన రాసిన కారణం పెళ్ళి. అత్తగారింటికి వెళ్ళడాన్ని ఎవరూ వలస అనరు, మేం అంటాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సంగతి నాకు మహా సంబరంగా ఉండేది. పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు అప్పగింతల వేళ పక్కన నిలబడినవాళ్ళకి వివరించి చెప్పేవాణ్ణి. తర్వాత తర్వాత నాకు పెళ్ళిపిలుపులు తగ్గాయి.

నేను మాత్రం అసలు సిసలైన వలస. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి పాతబస్తీ మొఘల్‌పురాలో ఒక మేడగది అద్దెకి తీసుకున్నాను. ఇంటివాళ్ళ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాను. అక్కడికి రెండు గల్లీల అవతల కాపురం పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాం. నా భార్య ఊరు మారలేదు, వార్డు కూడా మారలేదు కాబట్టి మా పట్టికల్లో ఆమెకి చోటు లేదని ఒకసారి చెప్పాను.

"మరి మీరో?" అంది.

"నేను వలస."

"ముప్పై ఏండ్లాయె. ఇంకా వలసేనా?"

"పుట్టిన చోటు మారదు కదా."

"గందుకే ఇంకా పుంటికూరను గోంగూర అంటరు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మా ఇంట్లో నా వృత్తి మీద జరిగిన చర్చల్లో పెద్దది అదే.

ఇప్పుడు చెప్పబోయేది అర్థం కావాలంటే మా పనిలో ఒక పద్ధతి తెలియాలి. కష్టమేమీ కాదు. ఒక చోట పోయినసారి లెక్కలో ఉన్న జనాన్ని తీసుకోండి. ఆ తర్వాత అక్కడ పుట్టినవాళ్ళని కలపండి. చనిపోయినవాళ్ళని తీసేయండి. ఇప్పుడు ఇంటింటికీ వెళ్ళి లెక్క పెడితే అంతమందే ఉండాలి. తక్కువమంది ఉంటే, ఆ తక్కువైనవాళ్ళు ఎక్కడికో వలస పోయినట్టు. ఎక్కువమంది ఉంటే ఎక్కడినుంచో వచ్చినట్టు. వాళ్ళు పెట్టె సర్దుకుంటుంటే ఎవరూ చూడలేదు. తీసివేతలో తేలారు, అంతే. చాలా శుభ్రమైన పద్ధతి. ఒక్క మనిషితోనైనా మాట్లాడకుండా వేలమంది ఎటు పోయారో చెప్పొచ్చు. నాకు ఇష్టమైన పద్ధతి అది.

నిరుడు మా మేడమ్ నన్ను పిలిచి పాతబస్తీలో కొన్ని వార్డుల మీద చిన్న నోట్ రాయమన్నారు. ఆమె నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న, హోదాలో మూడు మెట్లు పైన. రాజమండ్రి నుంచి వచ్చినావిడ. మర్యాదస్తురాలు. "అంకెలు అందరి దగ్గరా ఉన్నాయండి. ఇంటర్‌ప్రిటేషన్ కావాలి. మీరు అక్కడే ఉంటారు కదా" అన్నారు. పిల్లల పోషణ చూసే శాఖవాళ్ళు అడిగారట. ఎక్కడ ఏ అంగన్‌వాడీ సెంటర్ ఉంచాలో, దేన్ని దేనిలో కలపాలో తేల్చుకోవడానికి.

మా వార్డు అంకెలు ముందేసుకుని చూశాను. ఆ అంకెలు ఇక్కడ రాయను, ఆఫీసువి ఆఫీసులోనే ఉండాలి. సంగతి మాత్రం ఇది: పుట్టుకలు దండిగా నమోదయ్యాయి. ఇంటింటి లెక్కలో మాత్రం ఆ పెరుగుదల కనిపించలేదు. ముఖ్యంగా పసిపిల్లలు పుట్టినంతమంది లేరు. తీసివేత చేశాను. పెద్ద శేషం వచ్చింది. నాకు ఒళ్ళు పులకరించింది. అబద్ధం చెప్పడం ఎందుకు, ఇలాంటి శేషం కోసం మావాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తారు.

ఆదివారం పొద్దున ఇంట్లో కూర్చుని నోట్ రాశాను. "ఈ వార్డు నుంచి పసిపిల్లలున్న కుటుంబాలు గణనీయమైన సంఖ్యలో బయటికి తరలిపోతున్నాయి" అని మొదలుపెట్టాను. కారణాలు కూడా చెప్పాను. కారు దూరని గల్లీలు, అన్నదమ్ముల మధ్య చీలిన ఇళ్ళు, సైదాబాద్ వైపు లేచిన అపార్ట్‌మెంట్లు. సైదాబాద్‌కి ఆధారం మా ఆఫీసులో ఒక గుమాస్తా. ఒక్కడే. కానీ అతను ఇల్లు మారడం నా కళ్ళతో చూశాను, సామాన్లు మోయడానికి కూడా వెళ్ళాను.

అప్పుడు మా అమ్మాయి పక్కగదిలో పడుకుని ఉంది. ఒక్కతే అమ్మాయి. అల్లుడికి కరీంనగర్‌లో కరెంటు ఆఫీసులో ఉద్యోగం, కాపురం అక్కడే. ఏడో నెల వచ్చి శ్రీమంతం అయ్యాక, తొలికాన్పు కాబట్టి మా ఇంటికి తీసుకొచ్చాం. అది మా ఆచారం. మాదే కాదు, మా గల్లీలో హిందువులకీ ముస్లింలకీ క్రైస్తవులకీ గొడవ లేకుండా కుదిరిన విషయాల్లో అదొకటి. తొలికాన్పు తల్లిగారింట్లోనే.

"ఏం రాస్తున్నరు నాన్నా?" అని పడుకునే అడిగింది.

"మన వార్డు విడిచి ఎవరు వెళ్ళిపోతున్నారో రాస్తున్నానమ్మా."

"ఎవరు పోతున్నరు?"

"పసిపిల్లలున్నవాళ్ళు."

"అయ్యో పాపం" అని పొట్ట మీద చెయ్యి వేసుకుని అటు తిరిగి పడుకుంది. నేను నోట్ పూర్తి చేశాను. సోమవారం మేడమ్ చదివి, "చాలా క్లియర్‌గా ఉందండి" అన్నారు. రెండు రోజులు నా నడక కూడా మారిందని మా ఆవిడ అంటుంది.

నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. పొద్దున్నే పుట్టింది, ఎర్రగా ఉంది, వచ్చీరాగానే నా చొక్కా పాడుచేసింది. నా అంత సంతోషంగా ఆ ఆస్పత్రి వరండాలో ఎవరూ లేరు. పుట్టుక నమోదు కాగితం నేనే నింపాను, ఇలాంటివి ఇంకొకరికి అప్పజెప్పను. పుట్టిన చోటు అన్న దగ్గర ఆస్పత్రి పేరు రాశాను. కాన్పు నాటికి తల్లి ఉంటున్న చిరునామా దగ్గర మా ఇల్లు రాశాను. శాశ్వత చిరునామా దగ్గర కరీంనగర్ రాశాను. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేవు. ముప్పై ఏళ్ళు ఇలాంటి కాగితాల మొత్తాలతో బతికినవాణ్ణి, ఒక కాగితం నా చేత్తో నింపుతూ కూడా నాకేమీ తట్టలేదు.

మా గల్లీ చివర నీళ్ళ నల్లా పక్కన అంగన్‌వాడీ సెంటర్ ఉంది. రెండు గదులు, పైన రేకులు. ఒక గదిలో పిల్లలు, ఒక గదిలో వంట. దూలానికి పసిపిల్లల్ని గుడ్డ ఉయ్యాలలో తూచే కాటా వేలాడుతుంది. కడుపుతో ఉన్నవాళ్ళకి, బాలింతలకి మధ్యాహ్నం అన్నం, పప్పు, గుడ్డు, పాలు. అక్కడి టీచర్ యాకుత్‌పురా స్టేషన్ దగ్గర్నుంచి రోజూ నడిచి వస్తుంది. భర్త రైల్వేలో పనిచేస్తాడు. పద్దెనిమిదేళ్ళుగా ఈ సెంటర్ ఆమెదే. మా అమ్మాయి అక్కడే గుడ్డు తింది. మనవరాలికి నెల నిండాక తూకానికి నేను ఎత్తుకెళ్ళాను, మా ఆవిడ వెనకాల వచ్చింది.

పిల్లని ఉయ్యాలలో వేసి ముల్లు చూస్తూ టీచర్, "మంచిగ పెరిగింది" అంది. తర్వాత అదే గొంతుతో, "వచ్చే నెలకు నేనుంటనో లేనో అన్నా. సెంటర్ తీసేస్తరంట" అంది.

"ఎందుకు?" అంది మా ఆవిడ.

"మెయిన్ రోడ్డు అవతలి సెంటర్ల కలుపుతరంట వదినా. ఆడ టీచర్ ఉండనే ఉంది. నన్ను ఏడ ఖాళీ ఉంటే ఆడికి తోలుతరు. గీ పిల్లల తల్లులు బస్సుల నడుమకెల్లి రోడ్డు దాటి పోతరా? పోరు. ఇంట్ల కూసుంటరు." ఆమె కళ్ళు తుడుచుకోలేదు, కానీ కాటా ముల్లు ఆగిపోయాక కూడా దాన్నే చూస్తోంది. "పైనుంచి కాగితం వచ్చింది. సదువుతరా?"

నేను వద్దనేలోపు ఆమే చదివింది. "ఈ వార్డు నుంచి పసిపిల్లలున్న కుటుంబాలు గణనీయమైన సంఖ్యలో బయటికి తరలిపోతున్నాయి." ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. 'గణనీయమైన' దగ్గర రెండుసార్లు ఆగింది. ఆ మాట నేను 'పెద్ద' అని రాసి కొట్టేసి, బరువుగా ఉంటుందని పెట్టింది.

"ఎవరు పోయిండ్రన్నా? పద్దెనిమిదేండ్ల సంది చూస్తున్న, పోయినోళ్ళు నాకు కనబడలె. మీరు గా లెక్కల ఆఫీసే గదా. గిది రాసినోడెవడో జర కనుక్కోరి."

"కనుక్కుంటాను" అన్నాను.

ఇంతకంటే పిరికి మాట నా జన్మలో అన్నట్టు గుర్తులేదు. మా ఆవిడ నా వైపు చూసింది. ఆమెకి అంకెలు రావు గానీ నా మొహం వస్తుంది. ఇంటికి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "మీరే గదా" అంది. అవునన్నాను.

సాయంత్రం ముందుగదిలో కూర్చుని నా పద్ధతి ఆమెకి వివరించాను. మనవరాలు నా ఒళ్ళో ఉంది. కలపడం, తీసేయడం, శేషం, అంతా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "సరే, గల్లీల ఎవలు పోయిండ్రో చెప్పుండ్రి" అంది. నాకు తెలియదు. ఆమే మూలింటి నుంచి మొదలుపెట్టింది. మూలింటివాళ్ళు ఉన్నారు. ఆ పక్క దర్జీవాళ్ళు ఉన్నారు, కోడలు కూడా ఉంది. జల్లెడ కిటికీల ఇంట్లో నలుగురు అన్నదమ్ములూ ఉన్నారు, లొల్లితో సహా ఉన్నారు. నల్లా ఎదురింటివాళ్ళు సైదాబాద్ వెళ్ళారు. నేను ఉత్సాహంగా లేచి కూర్చున్నాను.

"మళ్ళొచ్చిండ్రు" అంది. "ఆడ నీళ్ళు సక్కగ వస్తలేవంట."

గల్లీ అయిపోయింది. శేషం సున్నా.

"మరి పుట్టిన పిల్లలంతా ఏరి?" అన్నాను. నిజంగా కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. "రిజిస్టర్లో ఉన్నారు. ఇళ్ళలో లేరు. ఎక్కడికి పోయినట్టు?"

మా ఆవిడ నా ఒళ్ళోకి చూసింది. "గీ పిల్ల ఉందా మీ రిజిస్టర్ల?"

"ఉంది."

"ఐదో నెల అత్తగారింటికి తోలియ్యాలె. గటెన్క మీ లెక్కోళ్ళు ఇంటికొస్తే గీడ ఉంటదా?"

"ఉండదు."

"మరి?" అని పప్పు మీద మూత తీయడానికి లేచి వెళ్ళింది.

మా వార్డులో పుట్టినవాళ్ళలో ఎంతమంది ఇలా తల్లిగారింటికి వచ్చినవాళ్ళ పిల్లలో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా తోచలేదు. పుట్టుక ఎక్కడ జరిగితే అక్కడ రాస్తారు. మూడో నెలో ఐదో నెలో రాగానే తల్లీబిడ్డా వెళ్ళిపోతారు. ఇక్కడి కోడళ్ళూ పురిటికి బయటి ఊళ్ళకి వెళ్తారు గానీ, పెద్దాస్పత్రులున్న పట్నానికి వచ్చేవాళ్ళే ఎక్కువై ఉండాలి. వాళ్ళు వలస పోలేదు, వాళ్ళు ఇక్కడివాళ్ళే కాదు. మా వార్డు కూతుళ్ళంతా పురిటికి వచ్చి వెళ్తుంటే, నేను వాళ్ళని ఇల్లూ వాకిలీ వదిలి పారిపోతున్న జనం కింద చూపించాను. ఇంత తప్పు చెయ్యాలంటే కనీసం పుట్టింటి ఆచారం తెలియని మనిషై ఉండాలి. నేను ఆ ఆచారం ప్రకారం శ్రీమంతం గారెలు కూడా తిన్నాను.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి సెంటర్‌కి వెళ్ళాను. పిల్లలు పాట పాడుతున్నారు. టీచర్ పక్కకి వచ్చింది.

"ఎవడన్నా వాడు?" అంది.

"నేనేనమ్మా."

ఆమె అరిచినా బాగుండేది. "మీరా" అంది. లోపలికి వెళ్ళి పాట ఆపిన పిల్లల చేత మళ్ళీ పాడించింది. నేను నల్లా దగ్గర నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను. కాసేపటికి వచ్చి, "మస్తు కోపమొచ్చింది, పోయింది. ఇప్పుడేం జేద్దాం?" అంది.

ఏం జరిగిందో చెప్పాను. ఆమెకి వివరించాల్సిన పని లేకపోయింది. నేను సగంలో ఉండగానే లోపలినుంచి రిజిస్టర్ తెచ్చింది. అచ్చువేసిన గళ్ళ రిజిస్టర్ అది. ప్రతి పేజీ కుడి అంచున ఖాళీలో ఆమె పెన్సిల్‌తో ఒక గీత గీసుకుంది. ఆ గీత పక్కన కొన్ని పేర్లకి చిన్న 'త' ఉంది. తల్లిగారింటికి వచ్చినవాళ్ళు. ముస్లింల ఇళ్ళలో 'మైకా' అంటారు, ఆమె వాళ్ళకీ 'త' అనే పెట్టింది. పక్కనే అత్తగారి ఊరు. జహీరాబాద్, నల్లగొండ, బీదర్, కరీంనగర్. పద్దెనిమిదేళ్ళుగా పెట్టుకుంటూ వచ్చింది. పాత రిజిస్టర్లన్నీ బియ్యం డబ్బా వెనక ఉన్నాయి.

"పెన్సిల్‌తో ఎందుకు రాశావమ్మా?"

"అచ్చుల గడి లేదన్నా. పెన్నుతోని రాస్తే గిదేంది అని అడుగుతరు. పెన్సిల్‌తోని రాస్తే ఎవ్వరు చూడరు. ఎవలకు ఏ ఊరికి సూదిమందు కార్డు పంపాలెనో నాకు యాదుండాలె గదా."

ఆ రిజిస్టర్లు నాకు ఇమ్మన్నాను. అప్పుడు ఆమె మొహం మారింది. "ఇస్త. కానీ పైనోళ్ళు చూసి, వీళ్ళు మీ వార్డోళ్ళు కాదు గదా, గుడ్లెందుకు పెట్టినవ్ అంటే? సెంటరూ పోయె, నా నౌకరీ పోయె."

"తప్పు నాదని ముందే రాస్తాను. ఆ మాట కిందనే నీ రిజిస్టర్ పెడతాను" అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. ఆమె మూడేళ్ళ రిజిస్టర్లు కొంగుతో దుమ్ము దులిపి నా చేతిలో పెట్టింది. "ఫికర్ చేస్తే ఏమొస్తది, తీస్కపోండ్రి" అంది.

తర్వాత రెండు వారాలు ఆఫీసులో నా బల్ల మీద మొన్నటిదాకా వచ్చిన పుట్టుక కాగితాలు పెట్టుకుని కూర్చున్నాను. మొత్తాలు కాదు, కాగితాలు. ఒక్కొక్కటీ. శాశ్వత చిరునామా వేరే ఊరిదైతే ఒక పక్కన, ఇక్కడిదైతే ఇంకో పక్కన. మా సెక్షన్‌లో వాళ్ళు నాకేదో అయిందనుకున్నారు, ఎవరో టీ కూడా ఇప్పించారు. వేరే ఊరి కట్ట నా కళ్ళముందే లావయింది. నాలుగో రోజు మధ్యాహ్నం గుండ్రటి అక్షరాలున్న కాగితం ఒకటి చేతికి వచ్చింది. కొట్టివేతలు లేవు. నా మనవరాలిది.

దాన్ని ఇక్కడి కట్టలో పెడదామా అనుకున్నాను. ఒక్క కాగితానికి ఎవరికీ ఏమీ తెలియదు, మొత్తంలో తేడా కూడా రాదు. కరీంనగర్ కట్టలో పెట్టాను. పెట్టాక కాసేపు బయటికి వెళ్ళి నిలబడ్డాను.

కొత్త నోట్ మొదటి వాక్యంలోనే రాశాను: పోయిన నోట్‌లో నేను చెప్పిన అర్థం తప్పు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆ వాక్యం రాయడం మొదటిసారి. ఈ వార్డు నుంచి కుటుంబాలు తరలిపోవడం లేదు, పుట్టుకల్లో పెద్ద భాగం పురిటికి వచ్చినవాళ్ళది, వాళ్ళని తీసేస్తే శేషం దాదాపు లేదు. ఆధారంగా కాగితాల కట్ట, టీచర్ పెన్సిల్ గీతలు జత చేశాను.

మేడమ్ మొత్తం చదివారు. ఆవిడ మనుషుల్ని తిట్టరు, అది ఇంకా కష్టం. "మంచి పాయింట్ అండీ" అన్నారు. "అయితే ఇక్కడ నిజంగా ఉండే పిల్లలు మనం అనుకున్నదానికంటే తక్కువన్నమాట. అప్పుడు మెర్జర్ ఇంకా కరెక్టే కదా?"

ఆవిడ తీసివేతలో తప్పు లేదు. నేను వలసని తీసేశాను, దానితోపాటు పిల్లల్నీ తీసేశాను. సెంటర్ మూయడానికి మొదటిసారి తప్పు కారణం ఇచ్చాను. ఇప్పుడు సరైన కారణం ఇచ్చినట్టయింది.

"వాళ్ళు ఇక్కడ ఉండరండీ, కానీ వస్తారు" అన్నాను. "ఒకళ్ళు వెళ్తే ఇంకొకళ్ళు వస్తారు. కడుపుతో ఏడో నెల నుంచి బిడ్డకి ఐదో నెల దాకా ఉంటారు. ఆ సెంటర్లో తినేది వాళ్ళు, తూచేది వాళ్ళ పిల్లల్ని."

"వాళ్ళు మన టేబుల్లో ఏ కాలమ్‌లో వస్తారు?"

"ఏ కాలమ్‌లోనూ రారండి. అత్తగారి ఊళ్ళో లెక్కలో ఉంటారు, మనుషులు ఉండరు. ఇక్కడ మనుషులు ఉంటారు, లెక్కలో ఉండరు."

"ఆ టీచర్ వేరే ఊరివాళ్ళకి గుడ్లు ఇవ్వచ్చా?"

"ఏడో నెల కడుపుతో ఉన్న మనిషిని కరీంనగర్ వెళ్ళి గుడ్డు తిని రమ్మంటామా అండీ?" నా గొంతు పెరిగిందని నాకే తెలిసింది. ఆఫీసులో నేను గొంతు పెంచను. "మేడమ్, మీ బాబు ఎక్కడ పుట్టాడు?"

ఆవిడ ఆశ్చర్యపోయారు. "రాజమండ్రిలో. మా అమ్మగారి దగ్గర" అన్నారు. తర్వాత నోట్ మళ్ళీ చేతిలోకి తీసుకుని మొదటినుంచి చదవడం మొదలుపెట్టారు. నేను నిలబడే ఉన్నాను. చదవడం అయ్యాక, "ఇంకో పేరా రాయండి. వాళ్ళని ఎలా లెక్కపెట్టాలో మీరే సూచించండి. ఆ టీచర్ మీద మాట రాకుండా రాయండి" అన్నారు.

రాశాను. తాత్కాలికంగా వచ్చిన గర్భిణులనీ బాలింతలనీ సెంటర్లో విడిగా నమోదు చేయాలి, వచ్చిన తేదీ ఒక గడిలో, వెళ్ళిన తేదీ ఒక గడిలో, సిరాతో రాయాలి, సెంటర్ అవసరాన్ని వాళ్ళతో కలిపి చూడాలి. నాకు తెలిసిన విద్య గళ్ళు గీయడమే, అదే చేశాను.

నిర్ణయం మా ఆఫీసుది కాదు. ఎదురుచూశాం. ఆ నెలన్నరలో నేను గల్లీలో తలొంచుకుని నడిచాను. టీచర్ మాత్రం మామూలుగానే మనవరాలిని తూచింది, ఒక్కసారి కూడా ఏమైందని అడగలేదు. ఆమె అడగకపోవడం నాకు నిద్రపట్టనివ్వలేదు. చివరికి ఒక మధ్యాహ్నం ఆమే మా గుమ్మం దగ్గరికి వచ్చి కాగితం చూపించింది. సెంటర్ ఉన్నచోటే ఉంటుంది. పురిటికి వచ్చినవాళ్ళని కొత్త గళ్ళలో రాయాలి. ఇన్నాళ్ళూ గుడ్లు ఎవరికి పెట్టిందన్న సంగతి ఎక్కడా లేదు. మా ఆవిడ ఆమెని కావలించుకుంది. నేను కూడా ఏదో అనాలని, "గళ్ళు సరిపోయాయా?" అన్నాను. ఇద్దరూ నవ్వారు, నన్ను చూసే నవ్వారు. బతికాను అనిపించింది.

ఐదో నెల వచ్చింది. అల్లుడు వచ్చాడు. మా ఆవిడ అమ్మాయికి ఒడిబియ్యం పోసింది. పిల్ల అప్పటికి మెడ నిలబెడుతోంది, నన్ను చూస్తే నోరంతా తెరిచి నవ్వుతోంది. పొద్దున తొమ్మిదింటికి ఆటో గల్లీలో వెనక్కి వెనక్కి వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. సామాన్లు పెట్టాను. పిల్లని చివరిసారి ఎత్తుకుని ఇచ్చేశాను. అమ్మాయి, "పోయొస్త నాన్నా" అంది. ఆటో మలుపు తిరిగింది. ఇంట్లోకి వస్తే తాడుకి రెండు చిన్న గుడ్డలు ఆరుతున్నాయి, తీసుకెళ్ళడం మరిచిపోయారు.

మా ఆవిడ నా వైపు తిరగకుండా, "టీచరమ్మకు చెప్పిరాండ్రి, పిల్ల పోయిందని. కార్డు కరీంనగర్ పంపాలె గదా" అంది.

భోజనాల వేళకి సెంటర్‌కి వెళ్ళాను. టీచర్ ఒక పసివాణ్ణి ఉయ్యాలలో పడుకోబెడుతోంది, వాడు ఇల్లెగిరిపోయేలా ఏడుస్తున్నాడు. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని చెప్పాను.

"మంచిగ పోయిందా? మీరే రాసెయ్యుండ్రి అన్నా, నా చేతులు ఖాళీ లేవు. రిజిస్టర్ ఆడనే ఉంది."

రిజిస్టర్ తీశాను. కొత్త గళ్ళు స్కేలుతో గీసి ఉన్నాయి. మనవరాలి పేరు దొరికింది. వచ్చిన తేదీ గడిలో పుట్టిన రోజు ఉంది, సిరాతో. పక్కన వెళ్ళిన తేదీ గడి ఖాళీగా ఉంది. పెన్ను మూత తీశాను, పెట్టాను, మళ్ళీ తీశాను.

"రేపు రాద్దామమ్మా."

"ఆటో ఎక్కింది గదన్నా. ఇయ్యాలనే రాయాలె. లేకపోతే లెక్క తప్పైతది." ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసింది.

ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఇన్నేళ్ళుగా ఎంతమందిని ఇలా ఒక గడిలోంచి ఇంకో గడిలోకి పంపానో నాకే తెలియదు, చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు. ఇప్పుడు ఒక తేదీ రాయలేక పిల్లల బడిలో కూర్చుని ముక్కు తుడుచుకుంటున్నాను. ఎదురుగా చాపమీద నలుగురు పిల్లలు పప్పన్నం ఆపి నన్నే చూస్తున్నారు.

నా వెనక నిండు కడుపుతో ఒక అమ్మాయి నిలబడి ఉంది, బురఖా ముసుగు పైకి మడిచి, చేతిలో కొత్త కార్డుతో. బీదర్ నుంచి నిన్ననే తల్లిగారింటికి వచ్చిందట. "చచ్చా, జరా జల్దీ లిఖో నా, పావాఁ దుఖ్ రైఁ" అంది. కాళ్ళు నొప్పిపుడుతున్నాయి, తొందరగా రాయమంటోంది పాపం.

తేదీ రాశాను. లేచి ఆ అమ్మాయికి కుర్చీ ఇచ్చాను.